ఓడిపోవలసినవాడి నోట దొరికిన పుస్తకం

రాజు అబెన్నేరు కొలువు తీరాడు. ఒక పక్క కొడుకు జోసఫాత్, ఇంకో పక్క ఆస్థాన పండితులు. నడుమ ఒక ముసలి సన్యాసి నిలబడ్డాడు. యువరాజుకు రహస్యంగా క్రైస్తవం బోధించి మాయమైన బర్లాం ఇతడేనని, వెతికి పట్టి తెచ్చారని సభంతా నమ్మింది. నిజానికి అతడు బర్లాం కాదు. పోలికలు కలిసిన నాహోరు అనే జ్యోతిష్కుడు. రాజుతో ఒప్పందం ముందే కుదిరింది. కాసేపు క్రైస్తవం తరఫున వాదించినట్టు నటించి, ఆపైన చేతులెత్తేయాలి. గురువే ఓడిపోతే కుర్రవాడి మనసు దారికొస్తుందని తండ్రి ఆశ. కానీ యువరాజుకు గుట్టు తెలిసిపోయింది. నా గురువునంటూ వచ్చావు కనక గెలిచి తీరాలని, ఓడితే నాలుకా గుండే తన చేతులతోనే పెరికి కుక్కలకు వేస్తానని హెచ్చరించాడు. నాహోరుకు ప్రాణభయం పట్టుకుంది. శపించడానికి వచ్చి దీవించి వెళ్ళిన బిలాము కథ బైబిల్ చదివినవారికి గుర్తుండే ఉంటుంది. కథకుడు కూడా ఆ పోలికే తెస్తాడు. అబద్ధమాడవలసినవాడు నిజం పలికి, సభను ఓడించి, చివరికి తానూ మారిపోయాడు.

ఇది ‘బర్లాం, జోసఫాత్’ అనే గ్రీకు కథలోని ఘట్టం. మధ్యయుగాల్లో దాదాపు ఐరోపా భాషలన్నిటా తిరిగిన కథ. నాహోరు చేసిన ఆ సుదీర్ఘ ప్రసంగాన్ని తొమ్మిది వందల ఏళ్ళపాటు మఠాల్లో చదివారు, నకళ్ళు రాసుకున్నారు, అనువదించారు. అది ఎవరి ప్రసంగమో ఒక్కరికీ తెలియదు. కథకుడి కల్పన అనుకున్నారు. 1891లో అసలు సంగతి బయటపడింది. అది క్రీస్తు శకం 2వ శతాబ్దపు పుస్తకం. ఏథెన్సు తత్వవేత్త అరిస్టైడిస్ రోమన్ చక్రవర్తికి రాసుకున్న విన్నపం. క్రైస్తవం తరఫున రాసిన సమర్థన గ్రంథాల్లో మనకు పూర్తిగా దక్కిన వాటిలో దీనికన్నా పాతది లేదు.

ఈ చిక్కుముడిలో మనకు సంబంధించిన పోగు కూడా ఉంది. ఆ యువరాజు ఎవరో తేల్చినప్పుడు దారి కపిలవస్తుకు వెళ్ళింది. బర్లాం యువరాజుకు చెప్పిన నీతికథల్లో అన్నిటికన్నా పేరు పొందినదాని జాడ వెతికితే కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ రాతిపలక మీద తేలింది. తెలుగునాట క్రైస్తవం గురించి మాట్లాడుకునేటప్పుడు మొదటి అధ్యాయం మిషనరీలతో మొదలవుతుంది. ఈ కథ అంతకు చాలా ముందుది, పైగా ఎదురు దిక్కున నడిచింది. అందుకే దీన్ని మొదటినుంచీ విప్పి చూడాలని నా తపన.

మొదటి ఆధారం ఒక లోటు. 4వ శతాబ్దంలో సంఘ చరిత్ర రాసిన యూసేబియస్, హేడ్రియన్ చక్రవర్తికి క్రైస్తవుల పక్షాన ఇద్దరు విన్నపాలు సమర్పించారని చెప్పాడు. ఒకరు క్వాడ్రేటస్, రెండోవారు అరిస్టైడిస్. అరిస్టైడిస్ పుస్తకం తన కాలానికి చాలామంది దగ్గర ఉందని కూడా రాశాడు. కానీ అందులోంచి ఒక్క ముక్కా ఎత్తి చూపలేదు. ఆ తర్వాత ఆ పుస్తకం కనపడకుండా పోయింది. పేరు మిగిలింది, పుస్తకం లేదు. తొలి క్రైస్తవ రచనల్లో ఇలా పేరు మాత్రమే మిగిలినవి బోలెడు.

1878లో వెనీసు పక్కన సాన్ లాజరో దీవిలోని ఆర్మీనియన్ మఠవాసులు ఒక ముక్క అచ్చువేశారు. ఆర్మీనియన్ భాషలో ఉంది, చిన్నది, పుస్తకం మొదటి భాగం మాత్రమే. పైన అరిస్టైడిస్ పేరు, హేడ్రియన్ పేరు ఉన్నాయి. పండితులు వెంటనే నమ్మలేదు. క్రైస్తవ చరిత్ర మీద అప్పట్లో పెద్ద పేరున్న ఫ్రెంచి పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ ఇది 2వ శతాబ్దానిది కానే కాదన్నాడు. మరియమ్మను దేవుని తల్లి అని పిలిచే మాట అందులో ఉంది. ఆ వాడుక తర్వాతి శతాబ్దాలది కదా అన్నది ఆయన అభ్యంతరం. అభ్యంతరం సబబే. కానీ దాన్నిబట్టి మొత్తం పుస్తకాన్నే కొట్టిపారేయడం తొందరపాటైంది. అనువాదకుడు తన కాలపు మాటను లోపలికి చేర్చి ఉండొచ్చుగా? అదే జరిగిందని పదకొండేళ్ళ తర్వాత రుజువైంది.

1889 వసంతంలో రెండెల్ హారిస్ అనే ఆంగ్ల పండితుడు సినాయి కొండ కింది సెయింట్ క్యాథరిన్ మఠానికి వెళ్ళాడు. మఠం గ్రంథాలయంలో సిరియాక్ చేతిరాత పుస్తకాలు తిరగేస్తుంటే 16వ నంబరుది చేతికొచ్చింది. సుమారు 7వ శతాబ్దపు ప్రతి. నీతి బోధించే పలువురి రచనలను ఒకచోట కుట్టిన సంపుటం. వాటి మధ్యలో అరిస్టైడిస్ సమర్థన, పూర్తిగా. ఆర్మీనియన్ ముక్కతో పోల్చి చూస్తే రెండూ ఒకే మూలానివి. రెనాన్‌కు అడ్డుతగిలిన ఆ మాట సిరియాక్‌లో లేదు. అంటే ఆ మచ్చ ఆర్మీనియన్ అనువాదకుడిదే, మూలానిది కాదు.

ఇక్కడొక సంగతి గమనించాలి. ఈ పుస్తకాన్ని దాచినవాళ్ళు దాన్ని వాదగ్రంథంగా దాచలేదు. మంచి నడవడి నేర్పే పాఠంగా దాచారు. సినాయి మఠవాసికి రోమన్ చక్రవర్తితో పనేముంది? గ్రీకు దేవుళ్ళ మీద విమర్శతో పనేముంది? ఆయనకు కావలసింది చివరి రెండు మూడు అధ్యాయాలు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

హారిస్ అనువాదం అచ్చుకు వెళ్తున్న రోజుల్లో కేంబ్రిడ్జ్ పండితుడు ఆర్మిటేజ్ రాబిన్సన్ దాని ప్రూఫులు చదివాడు. కొన్నాళ్ళకు ఆయన వేరే పని మీద వియన్నాలో ఉన్నాడు. కార్తేజ్ అమరురాలు పెర్పెతువా చరిత్ర తాలూకు కనపడకుండాపోయిన ఒక ప్రతి కోసం లాటిన్ పునీత చరిత్రల సంపుటాలు తిరగేస్తున్నాడు. ఆ ప్రతి దొరకలేదు. ఊరికే పేజీలు తిప్పుతుంటే బర్లాం, జోసఫాత్ కథ లాటిన్ అనువాదం కనిపించింది. అక్కడక్కడా చదివాడు. ఒకచోట మాటతీరు ఎక్కడో విన్నట్టు తోచింది. ప్రసంగం మొదటికి పేజీలు వెనక్కి తిప్పాడు. దేవుని ఏర్పాటు వల్ల ఈ లోకంలోకి వచ్చానని రాజుతో చెప్పుకుంటూ, ఆకాశం, భూమి, సముద్రం, సూర్యచంద్రుల అమరిక చూసి అబ్బురపడ్డానని నాహోరు మొదలుపెడుతున్నాడు. ఇంగ్లండులో తాను ప్రూఫుల్లో చదివిన అరిస్టైడిస్ మొదటి వాక్యాలే అవి!

లాటిన్‌కు మూలం గ్రీకు. ఆ గ్రీకు కథ అచ్చులో అందరికీ అందుబాటులోనే ఉంది. అంటే అరిస్టైడిస్ గ్రీకు మూలం ఎన్నడూ ఎడారి గుహలో దాగలేదు, ఇసుకలో పూడిపోలేదు. అందరూ చదివే కథలో, అందరి కళ్ళముందే ఉంది. పండితులు ఆ కథను భక్తి కాలక్షేపంగా చూసి వదిలేశారు గనకే పట్టుబడలేదు. 1891లో హారిస్ సిరియాక్ పాఠాన్నీ, రాబిన్సన్ గ్రీకు పాఠాన్నీ ఒకే సంపుటంగా కేంబ్రిడ్జ్ నుంచి వెలువరించారు.

రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టగానే కొత్త ముడులు పడ్డాయి. సిరియాక్, ఆర్మీనియన్ పాఠాల్లో మనుషులు నాలుగు తెగలు: అనాగరిక జాతులు, గ్రీకులు, యూదులు, క్రైస్తవులు. గ్రీకు కథలో మూడే: దేవుళ్ళనబడేవాటిని కొలిచేవారు, యూదులు, క్రైస్తవులు. ఏది అసలు? నా మటుకు నాలుగే అసలనిపిస్తుంది. కథ జరిగేది హిందూదేశపు రాజు కొలువులో. గ్రీకుల లెక్కలో ఆ రాజు అనాగరికుల జాబితాలోకి పోతాడు. ఎదురుగా సింహాసనం మీదున్నవాణ్ని అలా పిలిపించడం కథకు పొసగదు. కథకుడు ఆ విభజనను సర్దుకున్నాడనుకోవడం సహజం. ఇక ఏ చక్రవర్తికి రాశాడన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. యూసేబియస్, ఆర్మీనియన్ ముక్క హేడ్రియన్ అంటాయి. సిరియాక్ ప్రతిలో హేడ్రియన్ పేరుతో ఒక శీర్షిక, దాని వెంటే ఆంటోనైనస్ పయస్ పేరుతో మరొకటి ఉన్నాయి. హారిస్ ఆంటోనైనస్ వైపే మొగ్గాడు.

మరి ఈ పుస్తకం హిందూదేశపు యువరాజు కథలోకి ఎలా వచ్చింది? దీనికి జవాబు కావాలంటే ముందు యువరాజెవరో తేలాలి.

కథ మొదలు చూడండి. సంతానం లేని రాజుకు చాలా కాలానికి కొడుకు పుడతాడు. జ్యోతిష్కులు జాతకం చూసి గొప్పవాడవుతాడంటారు. ఒక్కడు మాత్రం, ఇతని రాజ్యం ఈ లోకానిది కాదంటాడు. తండ్రి భయపడి కొడుకు కోసం వేరే భవనం కట్టిస్తాడు. రోగం, ముసలితనం, చావు అన్న మాటే పిల్లవాడి చెవిన పడకూడదని కట్టడి చేస్తాడు. యువరాజు పెద్దవాడై బయట తిరిగి వస్తానని పట్టుబడతాడు. దారిలో రోగి, గుడ్డివాడు, ఇంకోరోజు పళ్ళూడి నడుము వంగిన ముసలివాడు ఎదురవుతారు. ఇది అందరికీ ఇలాగేనా అని అడుగుతాడు. ఆ తర్వాత ఒక సన్యాసి, వర్తకుడి వేషంలో, అమూల్యమైన రత్నం తెచ్చానంటూ కోటలోకి వస్తాడు. చివరికి యువరాజు రాజ్యం వదిలి ఎడారికి పోతాడు.

ఇది బుద్ధుడి కథేనని తెలుగు పిల్లలకు బడి పాఠాల్లోనే తెలుసు. ఐరోపాకు మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో సింహళంలో విన్న బుద్ధుడి కథ రాసి, క్రైస్తవుడై ఉంటే ఈయన గొప్ప పునీతుడయ్యేవాడని మెచ్చుకున్నాడు. అప్పటికే ఆయన పునీతుడైపోయిన సంగతి పోలోకు తెలియదు! ఈ పోలోనే మోటుపల్లి రేవు గురించి, కాకతీయుల రాణి పాలన గురించి కూడా రాశాడు. 17వ శతాబ్దం తొలినాళ్ళలో గోవాలో ఉన్న పోర్చుగీసు చరిత్రకారుడు దియోగో దో కౌతో ఈ పోలికను పట్టుకున్నాడు. కానీ తిరగేసి పట్టుకున్నాడు. ఇక్కడివాళ్ళు కొలిచే బుద్ధుడు ఆ పునీత జోసఫాతే అయి ఉంటాడని ఊహించాడు. 1859లో ఫ్రాన్సులో లబూలే, 1860లో జర్మనీలో లీబ్రెష్ట్ బుద్ధుడి జీవితం చెప్పే లలితవిస్తరంతో పోల్చి చూసి, ఏది ముందో ఏది వెనకో తేల్చారు. ఈలోగా కార్డినల్ బారోనియస్ సవరించిన రోమన్ పునీతుల పట్టికలో బర్లాం, జోసఫాత్‌లకు నవంబరు 27 పండుగ రోజైంది. 1571లో వెనీసు పాలకుడు జోసఫాత్ ఎముక అంటూ ఒక అవశేషాన్ని పోర్చుగల్ రాజు సెబాస్టియన్‌కు కానుకగా ఇచ్చాడు. భట్టిప్రోలులో, నాగార్జునకొండలో ధాతువులు నిక్షేపించి స్తూపాలు కట్టిన నేలవాళ్ళం మనం. ఈ వార్త మనకు వేరేగా వినిపిస్తుంది.

పేరు ఎలా మారిందన్నది గట్టి సాక్ష్యం. బోధిసత్వుడు అన్న పేరు మధ్య ఆసియా, ఇరాన్ల మీదుగా అరబ్బీలోకి ‘బూదాసఫ్’గా వచ్చింది. అరబ్బీ రాతలో పదం మొదట వచ్చే బ కింద ఒక చుక్క, య కింద రెండు చుక్కలు, రూపం ఒకటే. రాసేవాడి చేతిలో ఒక చుక్క ఎక్కువైతే ‘యూదాసఫ్’. 10వ శతాబ్దంలో బాగ్దాదులో ఇబ్న్ అల్ నదీమ్ కూర్చిన గ్రంథాల పట్టికలో బిలౌహర్, యూదాసఫ్‌ల పుస్తకం పేరుంది. జార్జియన్‌లో ‘ఇయోదాసఫ్’, గ్రీకులో ‘యోవాసఫ్’, లాటిన్‌లో ‘జోసఫాత్’. తెలుగు బైబిల్లో యెహోషాపాతు అని చదివే యూదా రాజు పేరుకు లాటిన్ రూపం కూడా అదే. దాంతో పేరు పరాయిదన్న అనుమానం కూడా ఎవరికీ రాలేదు.

బంజారాహిల్స్‌లో మా ఇంటి దగ్గర రోడ్డు దిగి, పంజాగుట్ట, ఖైరతాబాద్ దాటితే హుస్సేన్‌సాగర్. 1990లో పడవ మునిగి నీళ్ళలో పడిపోయి, 1992లో లేచి నిలిచిన ఏకశిల బుద్ధుడు అక్కడే ఉన్నాడు. అమీర్‌పేట, పంజాగుట్ట చర్చిల్లో ఆదివారం ఆరాధన ముగించుకుని పిల్లల్తో నెక్లెస్ రోడ్డుకు వెళ్ళే కుటుంబాలు నాకు చాలా తెలుసు. సాగరం మధ్యనున్నాయన ఒకప్పుడు తమ పునీతుల పట్టికలోనూ ఉన్నాడని చెబితే మొదట నవ్వుతారు, తర్వాత ఆగి అడుగుతారు. ఈ కొండలకు పేరిచ్చిన బంజారాలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగినవాళ్ళు. దారి పొడుగునా సరుకు చేతులు మారినట్టే ఈ కథా చేతులు మారింది. బౌద్ధుడి దగ్గర కొన్నది మానీ మతస్థుడు, అతని దగ్గర ముస్లిం, ముస్లిం దగ్గర జార్జియా క్రైస్తవుడు. చైనా పశ్చిమాన తుర్ఫాన్ శిథిలాల్లో దొరికిన పారశీక పద్యాల తునకలు ఈ కథవే. ఎవరి ఊళ్ళో వాళ్ళు తమ దేవుడి పేరు పెట్టుకున్నారు. సరుకు మాత్రం చెడలేదు.

ఆ సరుకులో ఒక గింజను దగ్గరగా చూద్దాం.

యువరాజుకు లోకం తీరు చెప్పడానికి బర్లాం ఒక కథ చెబుతాడు. ఒంటికొమ్ము మృగం తరుముతుంటే ఒకడు పరుగెత్తి గోతిలో పడతాడు. పడుతూ పడుతూ ఒక చెట్టును పట్టుకుంటాడు. చూస్తే తెల్ల ఎలుక, నల్ల ఎలుక ఆ చెట్టు వేళ్ళు కొరుకుతున్నాయి. కింద నోరు తెరుచుకుని ఘటసర్పం. కాళ్ళు ఆనించిన గోడలోంచి నాలుగు పాములు తలలు చాచాయి. అంతలో పైకొమ్మల నుంచి తేనెచుక్క జారింది. అతను అన్నీ మరచి ఆ తేనె నాకుతున్నాడు. తరిమేది మృత్యువు, గొయ్యి లోకం, ఎలుకలు పగలూ రాత్రీ, నాలుగు పాములు దేహంలోని నాలుగు భూతాలు, తేనె సుఖం.

వ్యాస భారతం స్త్రీపర్వంలో, నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న ధృతరాష్ట్రుడికి విదురుడు ఇదే చెబుతాడు. అక్కడ అడవిలో దారితప్పిన బ్రాహ్మణుడు తీగలు కప్పిన బావిలో పడి, కొమ్మకు పనసపండులా తలకిందులుగా వేలాడుతుంటాడు. అడుగున మహాసర్పం. ఒడ్డున ఆరు ముఖాలు, పన్నెండు కాళ్ళున్న ఏనుగు. అది సంవత్సరం, ఆరు ఋతువులు, పన్నెండు నెలలు. ఎలుకలు, తేనె మామూలే. జైనుల ప్రాకృత కథల్లోనూ ఉంది. అరబ్బీలో పంచతంత్రానికి ముందుమాటగా చేరిన, బుర్జోయ్ అనే వ్యక్తి ఆత్మకథలో ఉంది. దేశం దాటుతూ మనిషిని వెంటాడే మృగం మారింది: ఏనుగులు లేని గ్రీకు దేశంలో ఒంటికొమ్ము మృగమైంది. తెల్ల ఎలుక, నల్ల ఎలుక ఎక్కడికి పోయినా అలాగే ఉన్నాయి. ఎలుకలే అసలు వేలిముద్ర.

ఈ కథకు బొమ్మ ఎక్కడెక్కడుందని వెతికితే చాలామంది ఇటలీలోని పార్మా పేరు చెబుతారు. అక్కడి బాప్తిస్మ మందిరం దక్షిణ ద్వారం పైన ఆంతెలామి చెక్కిన చెట్టు, దానిమీద మనిషి, వేళ్ళు కొరికే జంతువులు, అటూ ఇటూ సూర్యచంద్రుల రథాలు ప్రసిద్ధం. మందిరం కట్టడం 1196లో మొదలైంది. కానీ 1937లో డచ్చి పండితుడు వోగెల్ నాగార్జునకొండ శిల్పాలు పరిశీలిస్తూ ఒక పలకలో ఇదే బావిలోని మనిషిని గుర్తుపట్టాడు. పార్మాకన్నా సుమారు తొమ్మిది వందల ఏళ్ళు ముందు, ఇక్ష్వాకుల విజయపురి అయిన ఈ నాగార్జునకొండలో! జర్మనీ కళాచరిత్రకారిణి మోనికా జిన్ ఈ బొమ్మ వంశవృక్షాన్ని అమరావతి దాకా తీసుకెళ్ళింది. మనిషి బావిలో వేలాడుతూ తేనె నాకుతున్నాడన్న ఊహకు తొలి శిల్పరూపం కృష్ణాతీరంలో దొరుకుతోందంటే, ఈ కథ గొలుసులో మన నేల ఒక మూలన ఉన్న లంకె కాదు, మొదటి లంకెల్లో ఒకటి. యువరాజు ఇల్లు విడిచిన మహాభినిష్క్రమణ ఘట్టాన్ని చెక్కిన పలకలూ అక్కడున్నాయి. అంటే జోసఫాత్ కథ, బర్లాం కథ రెండూ ఒకే నదీతీరాన రాతికెక్కాయి.

నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ నాణేలూ దొరికాయి. టైబీరియస్ బంగారు నాణెం, ఫౌస్టీనా బంగారు నాణెం, ఆంటోనైనస్ పయస్ నాణెం. ఫౌస్టీనా ఆ ఆంటోనైనస్ భార్యే. సిరియాక్ ప్రతి చెప్పింది నిజమైతే, అరిస్టైడిస్ విన్నపం అందుకున్న చక్రవర్తి ముఖం విజయపురి బజారుకు చేరింది; ఆ విన్నపం మాత్రం ఇక్కడి కథను కలుసుకోవడానికి ఇంకో ఎనిమిది వందల ఏళ్ళు పట్టింది.

ఎక్కడ కలుసుకుంది? చాలాకాలం ఈ గ్రీకు కథ 8వ శతాబ్దపు డమాస్కస్ యోహాను రచన అన్నారు. ప్రతుల శీర్షికలో యోహాను అనే మఠవాసి పేరుండటం దానికి మూలం. కొన్ని గ్రీకు ప్రతులు మాత్రం వేరే మాట చెప్పాయి: ఏథోస్ కొండ మీది జార్జియన్ మఠవాసి యుథీమియస్ దీన్ని జార్జియన్ నుంచి గ్రీకులోకి తెచ్చాడని. ఆయన 1028లో మరణించాడు. ప్రతుల్లోని ఆ మాటను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1957లో తిబిలిసీలో ఇలియా అబులాద్జె, జెరూసలేంలోని ఒక ప్రతి ఆధారంగా పొడవైన జార్జియన్ పాఠం అచ్చువేశాడు. అందులో నాహోరు వాదం ఉంది, బెదిరింపు ఉంది, మార్పు ఉంది. అరిస్టైడిస్ ప్రసంగం లేదు. చిక్కుముడిలో ఈ పోగే అన్నిటినీ వదులు చేసింది. జార్జియన్‌లో లేనిది గ్రీకులో ఉందంటే, తర్జుమా చేసినవాడే దాన్ని పెట్టాడు. 21వ శతాబ్దం తొలి దశాబ్దంలో గ్రీకు పాఠాన్ని పరిష్కరించి ప్రచురించిన రాబర్ట్ వోల్క్ కూడా యుథీమియస్ వైపే నిలిచాడు.

అప్పుడు జరిగింది ఇలా ఊహించుకోవచ్చు. యుథీమియస్ తర్జుమా చేస్తూ సభాఘట్టానికి వచ్చాడు. ఒక మనిషి ప్రాణానికి తెగించి రాజు ముందు మాట్లాడాలి. జార్జియన్ పాఠంలో ఆ ప్రసంగం పేలవంగా ఉంది. పక్కన ఉన్న పాత పుస్తకాల్లో, రాజును సంబోధిస్తూ రాసిన ఒక అసలైన విన్నపం ఉంది. దాన్ని తెచ్చి ఇక్కడ అమర్చాడు. మనకు తెలిసినంతలో అరిస్టైడిస్ గ్రీకు పుస్తకాన్ని చేత పట్టుకుని చదివిన చివరి మనిషి ఆయనే. 1048లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఈ కథకు లాటిన్ అనువాదం జరిగేసరికి ఆ ప్రసంగం నాహోరుదైపోయింది.

ఇప్పుడు సినాయి మఠవాసి ఎందుకు దాచుకున్నాడన్న దగ్గరికి వస్తాను. అరిస్టైడిస్ పుస్తకంలో చాలా భాగం దేవుళ్ళ మీద వాదం. ఈనాడు చదివితే కరుకుగా, ఒక్కోచోట అన్యాయంగా కూడా తోస్తుంది. ఐగుప్తువారి కొలుపుల మీద రాసినదాంట్లో అర్థం చేసుకునే ప్రయత్నం కొంచెమైనా కనిపించదు. కానీ పదిహేనో అధ్యాయంలో గొంతు మారుతుంది. క్రైస్తవులు ఏం నమ్ముతారన్నది కొద్ది మాటల్లో ముగించి, వాళ్ళెలా బతుకుతారో చూడమంటాడు చక్రవర్తిని. దగ్గర దాచమని ఇచ్చిన సొమ్ము కాజేయరు. తమకు జరగకూడదనుకున్నది ఇంకొకరికి చేయరు. బాధపెట్టినవాళ్ళతో మంచిగా మాట్లాడి స్నేహితులను చేసుకుంటారు. విధవను కాదనరు, అనాథను హింసించేవాడి చేతిలోంచి విడిపిస్తారు. పరాయి ఊరివాడు కనబడితే ఇంటికి తెచ్చి, సొంత అన్నదమ్ముడు వచ్చినట్టు సంబరపడతారు. పేదవాడు చనిపోతే తలా కొంత వేసుకుని పాతిపెడతారు. విశ్వాసం కోసం ఎవరైనా చెరసాల పాలైతే అందరూ కలిసి అతని అవసరాలు చూస్తారు.

వీటన్నిటిలో ఒక్కటి నన్ను వదలదు. తమలో ఎవరికైనా తిండి లేకపోతే, ఇవ్వడానికి తమ దగ్గరా మిగులు లేకపోతే, రెండు మూడు రోజులు ఉపవాసముండి ఆ తిండి అతనికిస్తారట. ఇది కలిగినవాడి దానం కాదు. ఇస్తున్నవాళ్ళూ పేదలే. వాళ్ళ ఉపవాసం ఆత్మశుద్ధి కోసమో, మొక్కుబడి కోసమో కాదు. పక్కింటివాడి గిన్నెలోకి నాలుగు మెతుకులు పోవడానికి. చేసిన మేలు నలుగురికీ చాటుకోరనీ, నిధి దొరికినవాడు దాన్ని దాచినట్టు దాస్తారనీ కూడా రాశాడు. మత గ్రంథాలన్నిటినీ నడవడి అనే ఒకే తూకంతో తూచాలని నా నమ్మకం, అరిస్టైడిస్ తానే ఆ తూకానికి నిలబడ్డాడు.

కానీ ఇక్కడే ఆఖరి ముడి పడింది. ఉపవాసం ఉండి తిండి పెట్టే ఆ వాక్యం సిరియాక్‌లోనే ఉంది, గ్రీకు కథలో లేదు. కథలో ఈ అధ్యాయం బాగా చిన్నది. సిరియాక్ అనువాదకుడు తన మఠం నీతులు జోడించాడా, లేక యుథీమియస్ కత్తిరించాడా? సిరియాక్‌ది అతిశయోక్తి అన్నవాళ్ళున్నారు. ఐగుప్తు ఇసుక దీనికి సమాధానమిచ్చింది. 4వ శతాబ్దపు పపైరస్ తునకలు రెండు బయటపడ్డాయి. 1922లో ఆక్సీరింకస్ సంపుటాల్లో ఒకటి, 1924లో బ్రిటిష్ మ్యూజియందొకటి. రెండోదాంట్లో సరిగ్గా ఈ పదిహేనో అధ్యాయం చివరి భాగం, గ్రీకులో. మిల్న్ అనే పండితుడు దాన్ని ప్రచురించినప్పుడు తేలిందేమిటంటే, ఈ భాగంలో పాత గ్రీకు పాఠం సిరియాక్ లాగే నిడివైనది. కుదించినది కథలోనే.

ఎందుకు కుదించాడో ఊహించడం కష్టం కాదు. జోసఫాత్ కథ లోకాన్ని వదిలిపోవడం గురించి. బావిలో వేలాడేవాడికి తేనె మీద ఆశ వదలమని చెప్పే కథ అది. ఇల్లూ వాకిలీ, ఇరుగూ పొరుగూ ఉన్న మనుషులు పొరుగువాడి అంత్యక్రియలకు చందా వేసుకోవడం గురించి రాసిన అధ్యాయానికి అక్కడ చోటు తక్కువ. కృష్ణ ఒడ్డు నుంచి వెళ్ళిన కథ విడిచిపెట్టడం నేర్పింది, ఏథెన్సు పుస్తకం పంచుకోవడం నేర్పింది. రెంటినీ ఒకే అట్టల మధ్య కుట్టినవాడు మొదటిదానికే పెద్దపీట వేశాడు. అయినా పంచుకోవడం పూర్తిగా మాసిపోలేదు. చివరి అధ్యాయాల్లో జోసఫాత్ సింహాసనం దిగే ముందు ఖజానా తెరిచి, ఉన్నదంతా పేదలకు పంచేసి, అప్పుడు గానీ బర్లాంను వెతుక్కుంటూ ఎడారి దారి పట్టడు.